అత్త గోడ మీది పన్నెండు తీగలు

పోయిన నెల నేను పంపిన మనియార్డరు వెనక్కి వచ్చింది. ఫారం మూల మీద ఆ ఊరి పోస్ట్‌మాన్ ఎర్ర సిరాతో "పుచ్చుకోవలసినవారు చనిపోయారు" అని రాసి సంతకం పెట్టాడు. మా గల్లీ పోస్ట్‌మాన్ యాభై రూపాయలు నా చేతిలో లెక్కపెట్టి, కాసేపు గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయాడు. అతనూ ఒకప్పుడు అత్త చేతి జొన్నరొట్టె తిన్నవాడే. మా ఖానావళి అత్త ఇక లేదని నాకు అలా తెలిసింది.

వారం తరవాత ఆమె కూతురు ఎవరిచేతనో రాయించిన ఉత్తరం వచ్చింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు పొద్దున చాయ తాగి పడుకుంది, మళ్లీ లేవలేదు. బాధ పడలేదట. ఆ మాట చదివి నేనూ చెల్లెలూ ఊపిరి పీల్చుకున్నాం. ఉత్తరంలో ఇంకొక సంగతి కూడా ఉంది. దాన్ని దాని చోట చెబుతాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. బొంబాయి కామాటిపురాలో, వరసగా ఒంటిగదులుండే మా చాల్ కింది అంతస్తు మొదటి గదిలో ఆమె డబ్బులు తీసుకుని రెండు పూటలా అన్నం పెట్టేది. దాన్నే మేం ఖానావళి అనేవాళ్లం. నేను, నా చెల్లెలు పైఅంతస్తులో ఉండేవాళ్లం. అమ్మానాన్నలు పోయాక మాకూ అన్నం అక్కడే.

ఆ గది గోడ గురించి ముందు చెప్పాలి. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనులు చేసే పన్నెండు మంది ఆమె దగ్గర తినేవారు. వాళ్లకు చదువు రాదు, ఆమెకూ రాదు. అందుకని పొయ్యి ఎదుటి గోడ మీద బొగ్గుతో ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ గీసింది. ఒకాయనకు తాపీ, ఒకాయనకు ఎద్దు, ఒకాయనకు తాటిచెట్టు, ఒకాయనకు సైకిలు. తిన్న పూటకు ఒక గీత. శనివారం కూలి పడ్డాక డబ్బులిస్తే తడిగుడ్డతో తుడిచేసేది. నా బొమ్మ కలం. చూసినవాళ్లంతా మిరపకాయ అనుకునేవారు.

"కలం గిట్లుంటదా అత్తా?" అని ఒకసారి అడిగాను.

"నోరు తెరవవు గని లోపల కారమే ఉంటవు. మిర్పకాయే అనుకో తియ్యి" అంది.

ఆ పన్నెండు మంది బొమ్మల కింద ఒక్కో మేకు, మేకుకు ఒక ఇనప తీగ ఉండేవి. ఆ తీగలకు మనియార్డరు రసీదులు గుచ్చి ఉండేవి. నేను ఒక కాంట్రాక్టరు దగ్గర మున్షీని, కూలీల హాజరు రాసేవాణ్ని. బడికి పోలేదు. ఊరి నుంచి వచ్చే క్యాలెండరు చూసి తెలుగు, ఫాక్‌లాండ్ రోడ్డు దుకాణాల బోర్డులు చూసి మరాఠీ నేర్చుకున్నాను. అక్షరం వచ్చినవాణ్ని గనక ఆ పన్నెండు మందీ కూలి డబ్బు నా దగ్గర దాచుకునేవారు. నెలకోసారి వాళ్ల ఇళ్లకు మనియార్డర్లు నేనే రాసేవాణ్ని. వాళ్లకు సొంత గది లేదు, చాల్ వరండాలోనో సైటు దగ్గరో పడుకునేవారు. అందుకని పంపేవారి పేరు అన్నచోట నా పేరు, నా గది నంబరు వేసేవాణ్ని. కొన్నాళ్లకు రసీదు ముక్క నా పేరున తిరిగి వచ్చేది. దాని మీద డబ్బు అందుకున్న భార్యదో, తల్లిదో, తండ్రిదో వేలిముద్ర ఉండేది.

వాళ్లకు అదే ఉత్తరం. ఎద్దు బొమ్మ ఆయన రోజూ కంచం ముందు కూర్చునే ముందు తన తీగ మీది పై రసీదు తిప్పి చూసుకునేవాడు.

"ఏముంటదిరా అండ్ల, రోజు చూస్తవు?" అనేవాడు తాటిచెట్టు ఆయన.

"మా ఇంటిదాని బొటనేలు. నీకేం తెల్సు, నీ తీగ మీద ఉన్నది మీ నాయినది!"

అత్త ఉల్లిగడ్డలు కోస్తూ నవ్వేది. ఆ కోతలో ఒకనాడు కుడి బొటనవేలు లోతుగా తెగింది. గాటు మానింది గాని గీత అడ్డంగా ఉండిపోయింది.

ఆరేళ్ల కిందట నా చెల్లెలు పన్నెండో తరగతి పాసయింది. బీకాంలో సీటు వచ్చింది. మా గల్లీ నుంచి కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఫీజు శనివారంలోగా కట్టాలి. అంత డబ్బు మా దగ్గర లేదు. ఆదాయం తక్కువ ఉన్న ఇంటి పిల్లలకు ఫీజు మాఫీ ఉంటుందని తెలిసి ఫారం తెచ్చుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ఖానావళిలోనే కూర్చుని నింపాం.

చిరునామా దగ్గర చెల్లెలి పెన్ను ఆగింది. "అన్నా, బాంబే సెంట్రల్ అని రాయనా?" అంది మెల్లగా. ఒళ్లమ్ముకునే వీధులతో పేరుపడ్డ మా పేట పేరు వినగానే జనం మొహం ఎలా మారుతుందో ఆ పిల్లకు తెలుసు. పొయ్యి దగ్గర నుంచి అత్త అంది:

"ఉన్న గల్లీనే రాయి బిడ్డా. ఈ పట్నంల ఎన్ని గోడలు మనోళ్లు కట్టిండ్రో. వాళ్లకు లేని సిగ్గు నీకెందుకు?"

చెల్లెలు కామాటిపురా అని రాసింది.

తరవాతి గడి సంరక్షకుడి సంవత్సరాదాయం. అది నా పని. అప్పటికి పదకొండేళ్లుగా ఒక్క రోజు వదలకుండా లెక్కలు రాస్తున్నాను. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. నా జీతం వచ్చిన రోజు జమ. పన్నెండు మంది కూలి నా చేతికిచ్చిన రోజు కూడా జమే. వాళ్ల ఊళ్లకు పంపినప్పుడు ఖర్చు. చేతికి వచ్చింది జమ, చేతి నుంచి పోయింది ఖర్చు. నాకు నేను నేర్చుకున్న చదువు అంతే. పైసా తేడా ఉండేది కాదు. ఏడాది జమ అంతా కూడి, రెండుసార్లు సరిచూసి, ఫారంలో వేశాను. నిజం రాశానన్న ధైర్యంతో లెక్కల పుస్తకం కూడా వెంట తీసుకెళ్లాను.

బుధవారం కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఫారం చూశాడు, పుస్తకం తిప్పాడు, నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏడాదికి ఇంత వచ్చేవాడికి మాఫీ కావాలా? నాకే ఇంత రాదు" అని మరాఠీలో అంటూ ఫారం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాడు. శనివారంలోగా పూర్తి ఫీజు కట్టకపోతే సీటు జాబితాలో తరవాతి పేరుకు పోతుందన్నాడు.

నాకు మరాఠీ బాగానే వచ్చు. కాని పుస్తకం నాది, అంకెలు నావి. ఏమని కాదనను?

గురువారం పనికి పోలేదు. ఆ నెల కూలీల డబ్బు ఇంకా పంపలేదు, ట్రంకుపెట్టెలో రుమాలు మూటగా ఉంది. ఫీజుకు సరిపోతుంది. మూట విప్పి, ఫీజు మేరకు లెక్కపెట్టి పక్కన పెట్టాను. మళ్లీ కలిపేశాను. మళ్లీ తీశాను. చెల్లెలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు మెట్ల మీద అత్త రొప్పు వినిపించింది. మోకాళ్ల నొప్పితో ఆమె పైఅంతస్తుకు ఎప్పుడూ వచ్చేది కాదు.

"నీ మిర్పకాయ కింద రాత్రి గీత లేదు, పొద్దటిది లేదు. పాణం బాగలేదా కొడకా?" అంటూ గుమ్మంలో నిలబడింది. మంచం మీది నోట్లు చూసింది. నేను తల వంచుకున్నాను. జరిగిందంతా చెల్లెలే చెప్పింది.

"గవి ఎవలయి?" అంది అత్త నోట్లు చూపించి.

"వాళ్లవే."

"అడిగితె ఇస్తరు. ఒక్కడు గూడ వద్దనడు. గందుకే అడగొద్దు. వచ్చే నెల ఊళ్లె ఆ ఆడోళ్లు పోస్టాయన కోసం ఎదురు చూసుకుంట కూసుంటరు."

నేను నోట్లన్నీ మూటలో కలిపి ముడి వేశాను. ఆమె గడప మీద కూలబడి మోకాళ్లు రాసుకుంటూ, "ఇంతకు ఫారంల ఎంత రాసినవు?" అంది. చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఓ కొడకా! గంత సంపాయించెటోనివి నా కాడ ఉల్లిగడ్డ కారం ఎందుకు తింటున్నవు? పో, సముద్రం ఒడ్డుకు పెద్ద హోటలుంది, గాడ తిను!"

రెండు రోజుల్లో మొదటిసారి చెల్లెలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాకప్పటికీ తప్పు ఎక్కడుందో అర్థం కాలేదు.

"చేతికొచ్చింది వేరె, నీదైంది వేరె" అంది అత్త, నవ్వు ఆపి. "నీకు రాయనీకె వచ్చు, నాకు రాదు. గని నా గోడ మీద ఎవని గీతలు వాని బొమ్మ కిందనే ఉంటయి. నువ్వు అందరి గీతలు నీ మిర్పకాయ కింద గీసుకున్నవు."

పదకొండేళ్లు లెక్కలు రాసిన నాకు, సంతకం కూడా రాని ఆమె ఆ గడప మీద కూర్చుని లెక్క నేర్పింది.

శుక్రవారం పొద్దున అత్త పన్నెండు తీగలూ మేకుల నుంచి తీసి, పాత చీర ముక్కలో చుట్టి, రొట్టెల బుట్టలో పెట్టుకుని మా వెంట బయలుదేరింది. బస్సులో బుట్ట ఒళ్లోంచి దించలేదు. ఆఫీసులో గుమాస్తా ముందు బల్ల మీద ఒక్కొక్క తీగా వరసగా పరిచింది.

"హే కాయ్ ఆహే?" అన్నాడు అతను విసుగ్గా, ఇదేమిటని.

ఆమెది హైదరాబాదు వైపు హిందీ. ఇతని పుస్తకంలో ఉన్న డబ్బు ఎక్కడికి పోయిందో చూడండి సాబ్, అంది. అతను రెండు మూడు రసీదులు తిప్పి చూశాడు. "అన్నిటి మీదా పంపినవాడి పేరు ఇతనిదే. తన కుటుంబానికి తను పంపుకున్నాడు. అయితే ఏమిటి?" అన్నాడు.

ఆ పేరు రాసింది కూడా నేనే.

అత్త బల్ల మీదికి వంగింది. "సాబ్, ఏక్ ఆద్మీకు బారా ఔరతా రహతే క్యా?"

ఒక్క మగవాడికి పన్నెండు మంది పెళ్లాలు ఉంటారా అని. వెనక టైపు కొడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. గుమాస్తా నన్ను చూశాడు. పన్నెండు మంది భార్యలున్న మనిషిలా నేను ఏ కోశానా కనిపించి ఉండను. అతను నవ్వాడు. తరవాత ఆఫీసంతా నవ్వింది. నా చెల్లెలు తల దించుకుని నవ్వింది.

నవ్వాక అతను కళ్లద్దాలు సవరించుకుని రసీదులు చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో తీగకు ఒక్కో ఊరు, ఒక్కో పేరు. "ఇది ఎవరు?" అని ఒక వేలిముద్ర చూపిస్తే అత్త తీగ చూసి చెప్పేది. ఇది ఎద్దు ఆయన భార్య. ఇది తాటిచెట్టు ఆయన తండ్రి. ఇది సైకిలు ఆయన తల్లి, ఒక కన్ను కనిపించదు, అందుకే ముద్ర గీత దాటి పడింది.

"ఎద్దు ఆయన ఎవరు?" అన్నాడు గుమాస్తా. అత్త గోడ సంగతి చెప్పింది. అతను సొరుగులోంచి కొత్త ఫారం తీసి చెల్లెలి చేతికిచ్చాడు. ఆదాయం దగ్గర నా సొంత జీతం మాత్రమే వేయాలి. దానికి కాంట్రాక్టరు చీటీ కావాలి. మిగతా డబ్బు తమదని ఆ పన్నెండు మందీ ఒక కాగితం మీద వేలిముద్రలు వేసివ్వాలి. రేపు పన్నెండు గంటల లోపల తెమ్మన్నాడు. మేం లేవబోతుంటే, పుస్తకాలు కొనకండి, కాలేజీ బుక్‌బ్యాంకులో పేరు రాయిస్తే ఏడాదికి అరువిస్తారు, రైలు పాసుకు కూడా ఇక్కడే చీటీ ఇస్తాం, అని తనంతట తనే చెప్పాడు. తీగలను ఒకదానిలో ఒకటి చిక్కుకోకుండా బుట్టలో సర్దింది కూడా అతనే.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు చీటీతో నేను వచ్చేసరికి ఖానావళిలో కంచాలు వేయలేదు. "ముందు బొటనేలు, తర్వాత బువ్వ" అని అత్త అందర్నీ వరసగా కూర్చోబెట్టింది. చెల్లెలు కాగితం చదివి వినిపించి, సిరా పెట్టె పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వెళ్లింది.

"ఏం మున్షీ, మా ఆస్తులు రాయించుకుంటున్నవా?" అన్నాడు సైకిలు ఆయన.

"నీకు ఆస్తి యాడిదిరా? సైకిలు గూడ గోడ మీదనే ఉండె!" అన్నాడు తాపీ ఆయన.

ఎద్దు ఆయన ముద్ర వేశాక వేలు తుడుచుకోలేదు. సిరా వేలు అలాగే పైకెత్తి చూసుకుంటూ, "మా ఇంటిదాని లెక్కనే ఉన్నది" అన్నాడు. చెల్లెలు ఆ కాగితం ఆరేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

శనివారం పన్నెండుకు ఇంకా పావుగంట ఉందనగా ఫారం మీద మంజూరు ముద్ర పడింది. ఆ ముద్ర చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు. బయటికి వచ్చి కాలేజీ మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. చెల్లెలు పక్కన కూర్చుంది. వారం రోజులుగా గుండెల మీద ఉన్న రాయి ఎవరో తీసి పక్కన పెట్టినట్టు ఉంది.

ఇంటికొస్తే అత్త మా మొహాలు చూసి కంచాలు వేసింది. తిని లేచేసరికి నా మిరపకాయ కింద మూడు గీతలు గీస్తోంది.

"ఒక్క పూటే గదా అత్తా?"

"తిన్నది మూడు పూటలది. లెక్క నీకు చెప్పాల్నా?"

ఆదివారం పన్నెండు చిన్న నోటుపుస్తకాలు కొన్నాను. ఒక్కో అట్ట మీద ఒక్కో బొమ్మ గీసింది అత్త. నా పుస్తకంలో నాది మాత్రమే మిగిలింది. చూస్తే చాలా చిన్న లెక్క. అయినా ఆ రోజు దాన్ని చూసినంత తేలికగా నేను ఏ లెక్కనూ చూడలేదు.

ఫీజు పోయినా కాలేజీకి ఖర్చులుంటాయి. అవి నాకు తెలియవు, చెల్లెలికీ తెలియవు. మొదటి నెల నేనిచ్చిన డబ్బు రెండు వారాల్లో అయిపోయింది. స్నేహితురాళ్లు రోజుకొకరు క్యాంటీనులో చాయ తాగించేవారట. తన వంతు వచ్చిన రోజు అందరికీ తాగించింది, ఒకసారి కాదు నాలుగుసార్లు. రైలు పాసుకు డబ్బు మిగల్లేదు. నాకు చెప్పకుండా కాలేజీకి నడిచి వెళ్లి నడిచి రావడం మొదలుపెట్టింది. ఇదంతా నాకు తరవాత ఎప్పుడో తెలిసింది. అత్తకు మాత్రం చెల్లెలి చెప్పుల తెగిన వార్లు చూడగానే తెలిసిపోయింది.

తిట్టలేదు. మర్నాటి నుంచి డబ్బా కట్టింది. అందులో నలుగురికి సరిపోయే జొన్నరొట్టె, పల్లీల పొడి.

"వాళ్లు చాయ తాగిపిస్తే తాగు. నువ్వు డబ్బా తెరిచి నడుమ పెట్టు. గప్పుడు ఎవలకు ఎవలు బాకీ లేరు."

మూడు వారాలకు ఆ పిల్లలే మా పల్లీల పొడి కోసం ఎదురు చూసేవారట. చెల్లెలి నెల డబ్బు చేతికి రాగానే నాలుగు గుడ్డముక్కల్లో నాలుగు ముడులు వేయించి తన చాయపొడి డబ్బాలో పెట్టుకునేది అత్త. సోమవారం ఒక ముడి ఇచ్చేది. వారం మధ్యలో అడిగితే డబ్బా మూత మీద కూర్చున్నట్టే కూర్చునేది.

"నా పైసలే గదా అత్తా!" అనేది చెల్లెలు.

"నీయే. గందుకే నీకు ఇస్తలేను."

రొట్టెల డబ్బా ఊరికే ఇవ్వలేదు. గోడ మీద చెల్లెలికీ ఒక బొమ్మ గీసింది. పుస్తకం అంది. మాకు తలుపులా కనిపించింది. రోజుకొక గీత. ఉద్యోగం వచ్చాక తీర్చాలని షరతు. మూడేళ్లు ఆ గీతలు తుడవలేదు, గోడ చాలక పక్క గోడ మీదికి కూడా వెళ్లాయి. మొదటి ఏడాది ఒక సాయంత్రం చెల్లెలు కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చింది. "అత్తా, ఒకరి తరఫున దాచిన డబ్బు ఆదాయం కాదని మా పుస్తకంలో రాసుంది!" అంది. అత్త రొట్టె తిప్పుతూ, "నన్ను అడగకుంటనే రాసిండ్రా?" అంది.

చెల్లెలు డిగ్రీ పూర్తి చేసి ఒక ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగంలో చేరిన ఏడే అత్త మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. నేను గోడ మీది గీతలన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాను. చెల్లెలు మొత్తం ఒకేసారి ఇవ్వబోతే అత్త తీసుకోలేదు.

"ఒక్కసారి ఇస్తె ఒక్కసారే అయిపోతది. నెలనెల పంపుండ్రి. నా బొటనేలు మీకొస్తది. అది వస్తున్నన్ని దినాలు నేనున్ననని తెలుస్తది."

రెండేళ్లపాటు అలాగే వచ్చింది. ఉల్లిగడ్డల గాటు గీత అడ్డంగా ఉన్న వేలిముద్ర. నా గదిలో మేకు కొట్టి, తీగ వేసి గుచ్చుకున్నాను. మనియార్డరు ఫారం కింద నాలుగు మాటలు రాసుకోవడానికి కాస్త చోటు ఉంటుంది. అక్కడ నేను ఎప్పుడూ "క్షేమం" అని ఒక్క మాటే రాసేవాణ్ని. చెల్లెలు పోరగా పోరగా, అత్త పోవడానికి ముందు నెలలో చిన్న అక్షరాలతో ఇంకొంచెం రాశాను. "అత్తా, ఆ రోజు నువ్వు మెట్లెక్కి రాకపోతే ఆ మూట నేను ముట్టేవాణ్ని. ముట్టనియ్యలేదు. చెల్లెలు చదువుకుంది. నీ మేలు మరిచిపోలేదు." పంపాక సిగ్గేసింది. ఆ నెల రసీదు మీద వేలిముద్రలు రెండు ఉన్నాయి. ఒకటి ఉండవలసిన చోట, ఒకటి అంచు మీద. పోస్ట్‌మాన్ పొరపాటేమో అనుకున్నాను.

ఆమె కూతురి ఉత్తరంలో ఉన్నది ఆ రెండో ముద్ర సంగతే. పోస్ట్‌మాన్ చేత ఆ నాలుగు మాటలూ రెండుసార్లు చదివించుకుందట. "గిది వాడే రాసిండా? గంత మాట్లాడిండా!" అని నవ్విందట. రసీదు మీద ముద్ర వేశాక, ఇంకొకటి వేస్తానని పట్టుబట్టిందట. ఎందుకమ్మా అంటే, "అది పైసలకు, ఇది మాటకు" అందట.

వెనక్కి వచ్చిన యాభై రూపాయలు నా జమలో వేయలేదు. ఆమె పేరున తెరిచిన పేజీలో వేశాను. మిగిలిన వాయిదాలతో కలిపి ఆమె కూతురి పేరున పంపుతాను. పొద్దున కిటికీ తెరిస్తే గాలికి తీగ మీది రసీదులు మెల్లగా తిరుగుతాయి. పైన ఉన్నది ఆ చివరిదే. రెండు బొటనవేళ్ల ముద్రలు పక్కపక్కన కనిపిస్తాయి. రెండింటికీ అడ్డంగా అదే గాటు గీత.